గుంపు చేపలు ఇంట్లో నిలవాలంటే: ట్యాంకు కొన్న రోజు నుంచి రెండో నెల దాకా

"నియాన్ టెట్రాలు పది తెచ్చాం. నాలుగో రోజు నుంచి రోజుకొకటి చనిపోతోంది. ఏ మందు వేయాలి?" ఈ ప్రశ్న రాని వారం లేదు. చేప పేరు మారుతుంది, మిగతాదంతా అదే. ఆరా తీస్తే తేలేది కూడా ఒకటే: ట్యాంకూ చేపలూ ఒకే రోజు కొన్నారు, ఆ సాయంత్రమే అన్నీ సర్దేశారు. దానికి మందు లేదు. నీళ్లు పోసిన రోజుకూ చేపలు వదిలే రోజుకూ మధ్య నెల రోజుల ఎడం ఉండాలి. పైగా, నచ్చిన చేపను ముందు కొని తర్వాత నీళ్లతో తంటాలు పడటం కాదు, ఇంట్లో వచ్చే నీళ్లను బట్టి చేపను ఎంచుకోవాలి. ఈ రెండూ కుదిరితే మిగతా పని తేలికే.

ఇక్కడ చెప్పేదంతా గుంపుగా తిరిగే చిన్న, సాధు చేపల గురించి: జీబ్రా డానియో, చెర్రీ బార్బ్, హార్లెక్విన్ రస్బోరా, నియాన్, కార్డినల్, విడో టెట్రాలు. గోల్డ్‌ఫిష్, ఫ్లవర్‌హార్న్, అరోవానా పెంచేవారికి ఇందులో చాలా భాగం పనికిరాదు.

కావలసినవి

- గాజు ట్యాంకు: కనీసం రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా పోస్తే 56 లీటర్లు పడతాయి. ఇసుక, రాళ్లు పోగా 45 నుంచి 50 లీటర్లు మిగులుతాయి. ఎత్తు కన్నా పొడవు ముఖ్యం, ఈ చేపలు అడ్డంగా ఈదుతాయి. గుండ్రటి గాజు గిన్నె వద్దే వద్దు.
- మూత. డానియోలు ఎగురుతాయి. తెల్లారి నేల మీద ఎండిపోయి కనిపిస్తాయి.
- స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంపు, గాలి గొట్టంలో పెట్టే నాన్‌రిటర్న్ వాల్వు.
- థర్మామీటర్. చలికాలంలో హీటర్ (ఈ ట్యాంకుకు 50 వాట్లు చాలు).
- అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ చూసే చుక్కల కిట్. ఖరీదు చూసి వెనకాడకండి, చచ్చిన చేపల ఖర్చు ఇంతకన్నా ఎక్కువ.
- టీడీఎస్ మీటరు. వాటర్ ప్యూరిఫయర్ బాగుచేసేవారి దగ్గర ఉండే పెన్నులాంటిదే.
- యాంటీ క్లోరిన్ ద్రవం, సన్న కన్నాల వల, సబ్బు ఎరగని బకెట్ ఒకటి. ఆ బకెట్ మీద "చేపలకు మాత్రమే" అని రాసి పెట్టండి. లేకపోతే ఎవరో ఒకరు దానితో గచ్చు కడుగుతారు.

1. చోటు చూడండి

నిండిన ట్యాంకు బరువు 70 కిలోలు దాటుతుంది. ప్లాస్టిక్ టేబుల్, టీవీ స్టాండు ఆగవు. అడుగున సన్నని థర్మకోల్ షీటు వేయండి. కిటికీ ఎండ నేరుగా పడకూడదు, పడితే రెండు వారాల్లో గాజంతా పచ్చబడుతుంది. వెనక గాజుకు నల్ల కాగితం అంటించండి. వెనకాల చీకటిగా ఉంటే చేప బెదరదు, రంగు కూడా బాగా తేలుతుంది.

ఎయిర్ పంపును నీటి మట్టం కన్నా ఎత్తులో పెట్టండి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి, అక్కడి నుంచి ప్లగ్గు బోర్డులోకి చేరతాయి. నాన్‌రిటర్న్ వాల్వు ఉన్నా ఎత్తులోనే పెట్టండి, ఆ వాల్వులు పాతబడితే పట్టు వదులుతాయి. వైర్లు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంటే, తీగ వెంట జారిన చుక్క నేల మీద పడుతుంది తప్ప ప్లగ్గులోకి పోదు.

2. మీ నీళ్లేమిటో తెలుసుకోండి

చాలామంది ఎగరగొట్టే మెట్టు ఇదే. హైదరాబాదులో ఒకే అపార్ట్‌మెంటులో ఒక పూట మున్సిపల్ నీళ్లు, మరో పూట బోరు, వేసవిలో ట్యాంకరు నీళ్లు వస్తాయి. మూడింటి గుణం మూడు రకాలు. వాచ్‌మన్‌ను అడగండి, టీడీఎస్ మీటరు వేర్వేరు రోజుల్లో ముంచి చూడండి. టీడీఎస్ అంటే నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపిన లెక్క. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నవి గట్టి నీళ్లు, తక్కువున్నవి మెత్తటి నీళ్లు. ఈ కాఠిన్యానికి టీడీఎస్ సరైన కొలత కాదు గాని, మన అవసరానికి సరిపోతుంది.

అంకె 500 దాటిందా? జీబ్రా డానియోలు తీసుకోండి. ఇవి మన ఉపఖండపు చేపలే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో శాస్త్రానికి పరిచయమయ్యాయి. చలికీ వేడికీ గట్టి నీళ్లకూ ఓర్చుకుంటాయి. మూడడుగుల ట్యాంకు ఉంటే రోజీ బార్బ్ కూడా పెంచవచ్చు, చిన్న ట్యాంకులో మాత్రం వద్దు, బాగా పెరుగుతుంది.

200 నుంచి 500 మధ్య అయితే శ్రీలంక వాగుల చెర్రీ బార్బ్, విడో టెట్రా. కొత్తవారికి నేను మొదట చెప్పేది చెర్రీ బార్బే. మగది పండు మిరపకాయంత ఎర్రగా ఉంటుంది, ఎవరి జోలికీ పోదు.

200 లోపు అయితేనే నియాన్, కార్డినల్, రమ్మీనోస్, హార్లెక్విన్. వీటిలో టెట్రాలు అమెజాన్ వైపు మెత్తటి నీళ్లవి, హార్లెక్విన్ మలయా, సుమత్రాలది. ఇప్పుడు దొరికే నియాన్లు చాలావరకు ఫారాల్లో పుట్టినవే కాబట్టి కొంత గట్టి నీళ్లకు సర్దుకుంటాయి. అయినా 900 టీడీఎస్ బోరు నీళ్లలో వాటిని వేయడం హింసే.

నియాన్లే కావాలంటే ఆర్‌ఓ నీళ్లు కలపండి. బోరు నీళ్లు 800, ఆర్‌ఓ 50 అనుకుంటే సగం సగం కలిపితే 425 వస్తుంది. ఒక వంతు బోరు, నాలుగు వంతులు ఆర్‌ఓ కలిపితే 200. ప్రతి వారం ఇదే పాళ్లలో కలపగలరో లేదో ముందే ఆలోచించుకోండి.

రెండు హెచ్చరికలు. ఉత్త ఆర్‌ఓ నీళ్లు పోయకండి. లవణాలు బొత్తిగా లేని నీటిలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) నిలకడగా ఉండదు, ఒక్కసారిగా పడిపోతుంది. ఇక ఆర్‌ఓ మిషను బయటికి వదిలే వృథా నీళ్లలో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి, అవి గచ్చు కడగడానికే. అపార్ట్‌మెంటు సాఫ్ట్‌నర్ నీళ్లు కూడా ఆర్‌ఓకు బదులు కావు. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసేసి సోడియం పెడుతుంది, టీడీఎస్ దాదాపు అంతే ఉంటుంది.

3. నీళ్లు పోసి, నెల రోజులు ఆగండి

ఇసుకను నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి రెండంగుళాల మందాన పరవండి. జావా ఫెర్న్, అనుబియాస్ మొక్కలను రాయికో కర్రకో దారంతో కట్టండి, ఇసుకలో పాతితే దుంప కుళ్లుతుంది. చెరువు నుంచి నీటి మొక్కలు తేకండి. వాటితో పాటు నత్తలు, జలగలు, రోగాలు వస్తాయి.

ఇసుక మీద పళ్లెం పెట్టి దాని మీద నీళ్లు పోయండి, యాంటీ క్లోరిన్ సీసా మీద రాసినంత కలపండి, ఫిల్టర్ వేయండి. ఇక రోజూ చిటికెడు చేపల మేత వేయండి. చేపలే లేవు కదా అంటారు. ఆ మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. దాన్ని తినే బాక్టీరియా స్పాంజిలో పెరిగి నైట్రైట్‌గా మారుస్తుంది, మరో రకం బాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం, మూడోది కొద్ది మోతాదులో పరవాలేదు. ఈ సిద్ధాంతం ఇంతకు మించి అక్కరలేదు.

రెండు మూడు రోజులకోసారి కిట్‌తో చూడండి. ముందు అమ్మోనియా పెరుగుతుంది. తర్వాత అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. చివరికి రెండూ సున్నాకు వచ్చి నైట్రేట్ కనిపిస్తుంది. సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. రోజూ మేత వేస్తున్నా అమ్మోనియా, నైట్రైట్ వరుసగా వారం రోజులు సున్నా చూపితే ట్యాంకు సిద్ధం.

మొదటి వారంలో నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడవచ్చు. కంగారుపడి నీళ్లన్నీ పారబోస్తే పని మొదటికొస్తుంది. వదిలేయండి, దానంతటదే తేరుకుంటుంది. నీళ్లు తేటగా ఉన్నాయి కాబట్టి ట్యాంకు సిద్ధమనుకోవడం ఇంతకన్నా పెద్ద పొరపాటు. అమ్మోనియాకు రంగు లేదు.

త్వరగా కావాలంటే దగ్గరి దారి ఒకటే: చేపలు ఆరోగ్యంగా ఉన్న తెలిసినవారి ట్యాంకు నుంచి పాత స్పాంజి ముక్క తెచ్చి, దారిలో ఎండిపోకుండా తడిగా ఉంచి, మీ ఫిల్టర్ పక్కన పెట్టడం. వారం, పది రోజుల్లో పని పూర్తికావచ్చు. అప్పుడు కూడా కిట్ చెప్పినదే నమ్మండి.

ఇప్పటికే చేపలు వదిలేసినవారు: రోజూ అమ్మోనియా, నైట్రైట్ చూడండి. ఏది కనిపించినా ఆ రోజే మూడో వంతు నీళ్లు మార్చండి, మేత రెండు రోజులకోసారి చిటికెడు చాలు. రెండూ సున్నాకు వచ్చేదాకా ఇదే పని. కొత్త చేప ఒక్కటి కూడా తేవద్దు.

4. రకం ఒకటి, సంఖ్య పది

షాపులో రంగు రంగులుగా కనిపిస్తే "అవి రెండు, ఇవి రెండు" అని కట్టించుకుంటారు. గుంపు చేపకు ఇది శిక్ష. ఒక రకంలో ఆరుకు తగ్గితే అది గుంపే కాదు. మూల నక్కుతుంది, మేతకు రాదు, లేదా పక్క చేప తోక కొరుకుతుంది. విడో టెట్రా తోకలు కొరుకుతోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. రెండడుగుల ట్యాంకులో ఒకే రకం ఎనిమిది నుంచి పది వేయండి. అంతే, ట్యాంకు నిండినట్టే. చూడటానికి కూడా ఐదు రకాల గందరగోళం కన్నా పది చేపలు ఒక్కసారిగా మలుపు తిరగడమే అందం.

వీటితో కలపకూడనివి: ఏంజెల్ (పెరిగాక నియాన్లను మింగేస్తుంది), టైగర్ బార్బ్, గోల్డ్‌ఫిష్. గాజు శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ క్యాట్‌ఫిష్ కూడా వద్దు. ఇప్పుడు వేలెడంత ఉన్నది అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక ఎవరో ఒకరు చెరువులో వదిలేస్తారు. మన చేపల చెరువుల్లో, నదుల్లో వలలు చింపుతూ దెయ్యం చేప అని పేరు తెచ్చుకున్నది అదే. ఏ అక్వేరియం చేపనూ, సాధుదైనా సరే, చెరువులో కాలువలో వదలకండి. పెంచలేకపోతే షాపుకే తిరిగి ఇచ్చేయండి.

గులాబీ, నీలం, పచ్చ రంగుల్లో మెరిసే విడో టెట్రాలను కొనకండి. ఆ చేప అసలు రంగు వెండి మీద నలుపు. మిగతా రంగులు చాలావరకు అద్దినవే.

5. షాపులో ఎలా చూడాలి

చెన్నై కొళత్తూరు, కోల్‌కతా వంటి చోట్ల పెంచిన చేపలు గంటల కొద్దీ సంచుల్లో ప్రయాణం చేసి షాపుకు చేరతాయి. సరుకు వచ్చిన రోజున కొనకండి. ఎప్పుడు వచ్చాయో అడిగి, వారం నిలిచినవాటినే తీసుకోండి. బలహీనమైనవి ఆ వారంలోనే పోతాయి.

తొట్టె ముందు ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి. రెక్కలు విప్పుకొని ఉన్నాయా, ముడుచుకొని ఉన్నాయా? కడుపు లోపలికి పీక్కుపోయిందా? ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలున్నాయా? నియాన్ అయితే నీలం గీత మధ్యలో తెగి, కింద కండ పాలిపోయి ఉందా? ఆ చివరిది నియాన్ టెట్రా డిసీజ్ కావచ్చు, దానికి నమ్మదగిన చికిత్స లేదు. తొట్టెలో ఒక్క చచ్చిన చేప ఉన్నా, రోగంతో ఉన్నది కనిపించినా ఆ తొట్టె నుంచి ఏదీ కొనకండి. కాస్త మేత వేయమని అడగండి. ఎగబడి తినే గుంపు నుంచే పట్టించుకోండి.

6. ఇంటికి తెచ్చాక

లైటు ఆర్పండి. సంచి విప్పకుండా ట్యాంకులో పదిహేను, ఇరవై నిమిషాలు తేలనివ్వండి. తర్వాత సంచి విప్పి ఐదు నిమిషాలకోసారి కప్పు ట్యాంకు నీళ్లు పోస్తూ అరగంట గడపండి. చేపలను వలతో తీసి వదలండి, సంచి నీళ్లు పారబోయండి. ఆ రోజు మేత వద్దు.

కొరియర్లో రోజుకు పైగా ప్రయాణం చేసి వచ్చిన సంచికి ఈ పద్ధతి పనికిరాదు. అందులో అమ్మోనియా పేరుకొని ఉంటుంది. సంచి మూసి ఉన్నంతసేపూ కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తక్కువగా ఉండి ఆ అమ్మోనియా అంతగా హాని చేయదు. మూతి విప్పగానే ఆ వాయువు పోయి, పీహెచ్ పెరిగి, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. కాబట్టి మూసి ఉండగానే వేడి సమం చేసి, విప్పిన వెంటనే వలతో ట్యాంకులోకి మార్చండి.

పదీ ఒకేసారి వద్దు. ముందు ఆరు, కిట్‌లో అమ్మోనియా సున్నాగా నిలిస్తే రెండు వారాలకు మిగతా నాలుగు. ఆ నాలుగింటినీ వేరే తొట్టెలో రెండు వారాలు ఉంచి కలిపితే ఇంకా మంచిది. చవక ప్లాస్టిక్ డబ్బా, చిన్న స్పాంజ్ ఫిల్టర్ చాలు.

7. వారం వారం పని

వారానికోసారి పావు వంతు నీళ్లు తీసి అదే వేడి ఉన్న కొత్త నీళ్లు పోయాలి. ఎప్పుడు పోస్తున్నారన్నది మన ఊళ్లలో చాలా ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. తెల్లవారుజామున పట్టండి, లేదా ముందు రోజే బకెట్లో పట్టి గదిలో ఉంచండి. అపార్ట్‌మెంటు సంపు కడిగి బ్లీచింగ్ వేసిన వారం నీళ్లు మార్చడం వాయిదా వేయండి. వానాకాలంలో మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ వాసన గుప్పుమంటే యాంటీ క్లోరిన్ తప్పనిసరి. హీటర్ ఉంటే నీళ్లు తీసే ముందే ఆపండి, నీళ్లు లేకుండా వెలిగితే గాజు పగులుతుంది.

ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకండి. నెల రోజులు కష్టపడి పెంచిన బాక్టీరియా క్లోరిన్‌తో చస్తుంది. ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే రెండు మూడు సార్లు పిండి పెట్టేయండి. మురికిగా కనిపించినా పరవాలేదు.

మేత రోజుకు ఒకటి రెండు సార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత. నియాన్ నోరు చిన్నది, గుళికలను వేళ్లతో నలిపి వేయండి. మరమరాలు, బ్రెడ్డు, అన్నం మెతుకులు వేయనీయకండి. ఇంటికి వచ్చిన పిల్లల విషయంలో ఇది గట్టిగా చెప్పాల్సిందే. లైటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు.

దోమల మందు గురించి వేరుగా చెప్పాలి. కాయిల్స్, ప్లగ్గుకు పెట్టే ద్రవాలు, స్ప్రేలలో ఉండే పైరెత్రాయిడ్ మందులు చేపలకు తీవ్ర విషం. ఎయిర్ పంపు గది గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది. ట్యాంకున్న గదిలో అవి వాడకండి, కిటికీకి వల కొట్టించుకోండి. స్ప్రే తప్పనిసరైతే పంపు ఆపి, ట్యాంకు మొత్తం తడిగుడ్డతో కప్పి, గది గాలాడాకే తెరవండి.

8. ఎండాకాలం, కరెంటు కోత

వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన ఉండేది, 32 డిగ్రీలకు 7 చిల్లరకు పడిపోతుంది. అదే సమయంలో చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. నీరు 30 దాటితే మూత బదులు దోమతెర కప్పి, చిన్న ఫ్యాను గాలి నీటి మీదుగా తగిలేలా పెట్టండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాదు, అనంతపురం లాంటి పొడి ఎండలో ఇది బాగా పనిచేస్తుంది, విజయవాడ, కాకినాడ ఉక్కపోతలో అంతగా కాదు. ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓ నీళ్లే పోయండి. నీరే ఆవిరవుతుంది, లవణాలు ట్యాంకులోనే ఉంటాయి. బోరు నీళ్లతో నింపుతూ పోతే వేసవి చివరికి టీడీఎస్ ఎక్కడికో పోతుంది. ఐసు ముక్కలు వేయకండి, ఉన్నట్టుండి చల్లబడటం వేడి కన్నా ప్రమాదం.

ఎయిర్ పంపు తినే కరెంటు చాలా తక్కువ, ఇన్వర్టర్ లైనుకు కలిపేయండి. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీతో నడిచే పంపు తీసుకోండి. ఏదీ లేనప్పుడు మగ్గుతో నీళ్లు ముంచి అడుగు ఎత్తు నుంచి మళ్లీ ట్యాంకులోకే పోస్తూ ఉండండి.

9. అంతా బాగుందని ఎలా తెలుస్తుంది?

గుంపు బిగుసుకుపోయి ఉంటే బాగుందనుకుంటారు. నిజానికి ఒకదానికొకటి ఆనుకొని ముద్దగా ఉన్నాయంటే బెదిరాయని అర్థం. కొత్త చోటు, పెద్ద చేప, గాజు మీద పిల్లల దెబ్బలు, ఏదో కారణం ఉంటుంది. నెమ్మదించిన గుంపు వదులుగా పరుచుకొని తిరుగుతుంది, మేత పడగానే దగ్గరవుతుంది. చెర్రీ బార్బ్ మగవి ఒకదాని ముందు ఒకటి రెక్కలు విప్పి డాబు చూపిస్తే సంతోషించండి.

రోజూ మేత వేసేటప్పుడు లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే వెతికి తీయండి, రాయి వెనక చచ్చిన చేప ఒక్క రోజులో అమ్మోనియా పెంచుతుంది. అన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే మందు కోసం పరిగెత్తకండి. ముందు గాలి పెంచండి, తర్వాత అమ్మోనియా చూడండి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటితే నీళ్లు ఎక్కువసార్లు మార్చాలి. పొద్దున్నే లైటు వేయగానే నియాన్లు వెలిసిపోయి కనిపిస్తే భయపడకండి, చీకట్లో వాటి రంగు తగ్గుతుంది, అరగంటలో తిరిగి వస్తుంది. పగలంతా అలాగే ఉంటేనే ఆలోచించాలి.

తెల్ల చుక్కలు కనిపిస్తే గాలి పెంచి, రెండు రోజుల్లో మెల్లగా నీటిని 30 డిగ్రీలకు చేర్చి, షాపులో దొరికే వైట్‌స్పాట్ మందు వేయండి. టెట్రాలకు సీసా మీద రాసినదానిలో సగం మోతాదుతో మొదలుపెట్టండి. చుక్కలు పోగానే ఆపేయడం అందరూ చేసే తప్పు. చేప ఒంటి మీద ఉన్న పురుగును మందు చంపలేదు, రాలి నీటిలో ఈదేటప్పుడే చంపుతుంది. కాబట్టి ఆఖరి చుక్క పోయాక కూడా వారం కొనసాగించండి. వారం వారం కల్లుప్పు వేసే అలవాటుంటే మానేయండి, ఆరోగ్యంగా ఉన్న ఈ చేపలకు అది అక్కరలేదు.

ఊరెళ్లేటప్పుడు ఏం చేయాలని కూడా చాలామంది అడుగుతారు. ఎదిగిన ఆరోగ్యమైన చేపలు నాలుగైదు రోజులు మేత లేకుండా ఉండగలవు. వెళ్లే ముందు రోజు పావు వంతు నీళ్లు మార్చి, లైటుకు టైమర్ పెట్టి వెళ్లండి. వారం దాటే ప్రయాణమైతే పక్కింటివారికి మేత డబ్బా ఇవ్వకండి, జాలిపడి గుప్పెడు వేస్తారు. ఒక్కో పూటకు సరిపడా మేతను చిన్న కాగితం పొట్లాలుగా కట్టి, వాటి మీద తేదీలు వేసి, రోజు విడిచి రోజు ఒక్కటి వేయమని చెప్పండి. డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసుకోండి.